ఒంట్లోనే ఉంది నడికట్టు

మా ఇంట్లో ఎవరికి కాన్పయినా అమ్మమ్మ పాత నేత చీర ఒకటి వెతికి, నిలువుగా చింపి మడతపెట్టి ఉంచేది. బాలింత స్నానం చేసి, సాంబ్రాణి పొగ వేయించుకుని వచ్చాక వెల్లకిలా పడుకోబెట్టి ఆ గుడ్డను పొట్ట చుట్టూ తిప్పేది. వెంటనే బిగించేది కాదు. ‘ఊపిరి వదులు... ఇంకా వదులు’ అని, పూర్తిగా వదిలాక అప్పుడు ముడేసేది. నాకూ అలాగే కట్టింది. ఏడేళ్ల తర్వాత నడుంనొప్పితో పిలాటిస్‌ క్లాసులో చేరాను. మొదటిరోజు చాప మీద పడుకున్న నాతో టీచర్‌ అన్నమాట కూడా అదే. ‘ఊపిరి మొత్తం వదిలెయ్యండి. ఇప్పుడు బిగుతు ఎక్కడ తెలుస్తోంది?’

గుడ్డ లేదు. బిగుతు మాత్రం తెలిసింది.

పొట్ట గోడ ఒకే పొర కాదు. ముందువైపు నిలువుగా ఉండేది సిక్స్‌ ప్యాక్‌గా అందరికీ తెలిసిన కండ. పక్కల్లో ఏటవాలుగా రెండు పొరలు. వాటన్నిటికీ లోపల, పేగుల్ని కప్పిన పల్చటి పొరకు ఆనుకుని ఇంకోటి ఉంది. దాని పేరు ట్రాన్స్‌వర్సస్‌ అబ్డామినిస్‌. పోగులు అడ్డంగా సాగుతాయి కాబట్టి అడ్డకండ అనుకుందాం. చివరి ఆరు పక్కటెముకల దగ్గర, నడుం వెనక ఉండే దళసరి పొర దగ్గర, తుంటి ఎముక పై అంచు దగ్గర మొదలై, చుట్టూ తిరిగి ముందుకొచ్చి పొట్ట మధ్యలో నిలువునా ఉండే తెల్లటి నార గీతలో కలుస్తుంది. అమ్మమ్మ కట్టిన గుడ్డ సరిగ్గా ఈ దారిలోనే తిరిగేది.

అది ఎక్కడుందో మీరే తడిమి చూసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. తుంటి ముందు పొడుచుకొచ్చే రెండు ఎముకలు చేతికి తగులుతాయి. అక్కడినుంచి రెండు వేళ్లు లోపలికి, కాస్త కిందికి జరిపి మెత్తగా నొక్కండి. నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ, మూత్రం ఆపుకుంటున్నట్టు కింది కండరాల్ని పైకి లాగండి. వేళ్ల కింద ఏదో సన్నగా బిగుసుకుంటుంది. తువ్వాలు అంచు పట్టి లాగినట్టు ఉంటుంది. వేళ్లను బయటికి తోసేంత ఉబ్బిందంటే మాత్రం బలం ఎక్కువ పెట్టేశారన్నమాట. పై కండలు పని లాగేసుకున్నాయి. తగ్గించండి.

ఆ ఒక్క చిన్న బిగింపు పట్టుబడటానికి నాకు మూడు వారాలు పట్టింది. కాలేజీ రోజుల నుంచీ పొట్ట వ్యాయామమంటే క్రంచెస్‌ అనే తెలుసు. క్రంచెస్‌లో ఒళ్లు ముందుకు వంగుతుంది. వంచడం నిలువు కండ పని. అడ్డకండ వెన్నును వంచదు. చుట్టూ బిగుసుకుని, పొట్టలోపల ఒత్తిడి పెంచి, వెనకున్న పొరను లాగిపట్టి నడుం కదలకుండా చూస్తుంది. పైన డయాఫ్రమ్‌, కింద కటి కండరాలు, వెనక వెన్నుపూసల్ని అంటిపెట్టుకున్న చిన్న కండలు దానికి తోడు. బలంగా ఊపిరి వదలడంలోనూ అడ్డకండకు భాగం ఉంది. పిలాటిస్‌లో కష్టమైన కదలికలు చాలావాటికి ముందు ఊపిరి వదలమనేది అందుకే.

ఈ పద్ధతి తెచ్చిన జోసెఫ్‌ పిలాటిస్‌ జర్మనీలో 1883లో పుట్టాడు. చిన్నప్పుడు ఉబ్బసంతో బాధపడ్డాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో శత్రుదేశస్థుడని బ్రిటిష్‌వాళ్లు ఐల్‌ ఆఫ్‌ మ్యాన్‌ శిబిరంలో నిర్బంధించారు. 1920ల్లో న్యూయార్క్‌ చేరి, భార్య క్లారాతో కలిసి స్టూడియో నడిపాడు. జార్జ్‌ బాలన్‌షీన్‌, మార్తా గ్రాహం లాంటి నృత్యదిగ్గజాలు తమ కళాకారుల్ని అక్కడికి పంపేవారు. తన పద్ధతికి ఆయన పెట్టుకున్న పేరు కంట్రాలజీ.

ఆ పద్ధతిలో ముందుగా చెప్పుకునేది ‘హండ్రెడ్‌’. వెల్లకిలా పడుకుని, తలా భుజాలూ కాస్త లేపి, కాళ్లు చాపి పైకి ఎత్తి, చేతుల్ని పక్కల్లో కిందికీ పైకీ ఆడించాలి. ఐదు లెక్కలకు ఊపిరి పీల్చడం, ఐదు లెక్కలకు వదలడం. అలా పదిసార్లు, మొత్తం వంద. చూడటానికి ఆడేవి చేతులే. అసలు పని ఆ ఊపుకి నడుం చెదరకుండా పట్టుకోవడం. అల్ట్రాసౌండ్‌ పెట్టి చూసిన 2008 నాటి ఒక అధ్యయనంలో, హండ్రెడ్‌ లాంటివి సరిగ్గా చేసినప్పుడు అడ్డకండ విశ్రాంతిలో కన్నా దళసరిగా కనిపించింది. ‘సరిగ్గా’ అన్న మాట దగ్గర ఆగాలి. నా మొదటి హండ్రెడ్‌లో పనిచేసింది మెడ ఒక్కటే.

మరి ఈ కండ పెరుగుతుందా? 2012లో స్పెయిన్‌ పరిశోధకులు, వ్యాయామం అలవాటులేని తొమ్మిదిమంది స్త్రీలకు వారానికి రెండు క్లాసులు, ఒక్కోటి 55 నిమిషాలు, 36 వారాలపాటు నేర్పి, ముందూ తర్వాతా ఎంఆర్‌ఐ తీసి చూశారు. నిలువు కండ 21 శాతం పెరిగింది. అడ్డకండ, ఏటవాలు కండలు కలిపి 8 శాతం. లోపలి కండ కోసం చేసేదానిలో పైకండే ఎక్కువ పెరిగిందేమిటని నేనూ ఆగాను. తొమ్మిదిమందే కాబట్టి దీన్నే చివరిమాట అనుకోలేం. అయితే లోపలి కండలో చూడాల్సింది లావు కాదు, వేళకు అందుకోవడం. ఆస్ట్రేలియాలో హాడ్జెస్‌, రిచర్డ్‌సన్‌ 1996లో గమనించింది ఇదే: ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చెయ్యి ఎత్తబోతే, చెయ్యి కదలకముందే అడ్డకండ బిగుసుకుంటుంది. నడుంనొప్పి ఉన్నవాళ్లలో అది ఆలస్యమవుతుంది. అటక మీది డబ్బా అందుకునేటప్పుడు నడుం పట్టేసిన ఆడవాళ్లెందరో నాకు తెలుసు.

ఇదంతా స్త్రీలకు ప్రత్యేకంగా ఎందుకు కావాలంటే, నెలలు నిండేసరికి దాదాపు ప్రతి గర్భిణిలోనూ ఆ తెల్లటి నార గీత సాగి, నిలువు కండలు రెండూ ఎడంగా జరుగుతాయి. చాలామందిలో అవి మెల్లగా దగ్గరకొస్తాయి, కొందరిలో రావు. సిజేరియన్‌లో సాధారణంగా కండను కోయరు, పక్కకి తప్పిస్తారు. కానీ పొట్ట కండల కొసలు కలిసే పొరను కోసి, కుట్టాల్సిందే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. ఇంతమంది పొట్టల మీద కుట్లు పడుతున్నా, ఇంటికి పంపేటప్పుడు బరువులు ఎత్తొద్దనే చెప్తారు తప్ప, మళ్లీ ఎలా ఎత్తాలో నేర్పేవాళ్లు తక్కువ. నాకైతే ఎవరూ చెప్పలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

కుట్లున్నవాళ్లు డాక్టర్‌ సరేనన్నాకే మొదలుపెట్టాలి. మొదలుపెట్టేది కూడా హండ్రెడ్‌తో కాదు, ఊపిరితో. తల లేపినప్పుడు పొట్ట మధ్యలో గోపురంలా ఉబ్బితే ఆ కదలిక మీకింకా తొందర. ఫిజియోథెరపిస్ట్‌కు చూపించుకోండి. నడుంనొప్పికి పిలాటిస్‌ మేలుచేస్తుంది గానీ మిగతా వ్యాయామాలన్నిటికన్నా గొప్పదని రుజువు కాలేదు. కాబట్టి రిఫార్మర్‌ అనే యంత్రం మీద చేయించే వేల రూపాయల క్లాసు అందలేదని ఎవరూ దిగులుపడనక్కర్లేదు. చాప చాలు. పొట్ట చదునవుతుందన్న ఆశతో చేరేవాళ్లకూ ఒకమాట: అడ్డకండ కొవ్వును కరిగించదు.

మా క్లాసులో ఒక పెద్దావిడ ఉండేది, ఇద్దరు మనవలు. నాలుగు నెలలు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. ఓరోజు క్లాసు మధ్యలో గట్టిగా తుమ్మింది. అందరం చాపల మీద పడుకునే ఉన్నాం. ఆవిడ కాసేపు కదలకుండా అలాగే ఉండి, తర్వాత పక్కనున్న నాకు మాత్రమే వినబడేట్టు అంది, ‘ఒక్క చుక్కా పడలేదమ్మా. పన్నెండేళ్లయింది, తుమ్మితే పడకుండా ఉండి.’