కుడిచేతి రబ్బరు

ద్రాక్షారామం నుంచి యానాం వైపు ధాన్యం బస్తాలతోనో కొబ్బరికాయల గోతాలతోనో పోయే పాత బళ్ల హ్యాండిళ్లను కాస్త పరికించి చూడండి. ఎడమ గ్రిప్పు మీద గళ్లు ఇంకా చేతికి తగులుతుంటాయి, కుడిది మాత్రం బొటనవేలు ఆనేచోట నున్నగా అరిగి ఉంటుంది. రెండూ ఒకే రోజు బిగించినవే, ఒకే ఎండకు ఎండినవే. ఎడమది పట్టుకోవడానికి, కుడిది తిప్పడానికి. తేడా అంతా అక్కడే. గ్రిప్పును చేతికి మెత్తగా ఉండే తొడుగని అనుకుంటాం గానీ, నిజానికి ఇంజన్‌కు మన మాట చేరవేసే మొదటి భాగం అదే. కాబట్టి దాని మంచిచెడ్డలు తేల్చాల్సింది జారుతోందా లేదా అన్న లెక్కన. మెత్తదనం ఆ తర్వాతి మాట.

అమెరికాలో సిల్వెస్టర్ రోపర్ 1860ల చివర్లో తయారుచేసిన ఆవిరి బండికి హ్యాండిల్ కడ్డీ మొత్తం తిరిగేది. ఒకవైపు తిప్పితే ఆవిరి అందేది, రెండోవైపు తిప్పితే బ్రేకు పడేది. తర్వాత వచ్చిన పెట్రోలు బళ్లలో చాలావాటికి వేలితో జరిపే మీటలే ఉండేవి. పిడికిలి సడలించకుండానే వేగం మార్చగలిగే తిప్పుడు గ్రిప్పు వాటిని నెమ్మదిగా పక్కకు నెట్టింది. అయితే తిప్పడానికి చేతికీ గొట్టానికీ మధ్య పట్టు కావాలి. పచ్చి రబ్బరుతో ఆ పని జరగదు. అది ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసెక్కుతుంది. గంధకం కలిపి వేడిచేస్తే ఆ జబ్బు పోతుందని చార్లెస్ గుడియర్ 1839లో కనిపెట్టి, 1844లో పేటెంటు పొందాడు. రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసుల మధ్య గంధకం అడ్డబంధాలు వేస్తుంది, అందుకే ఎంత నలిపినా అది మళ్లీ మొదటి ఆకారానికి వస్తుంది.

అలాగని ఆ గొలుసులు చిరంజీవులు కావు. వాటిలో మిగిలిన ద్విబంధాలను గాలిలోని ఓజోను తెంచుతుంది, పైన సన్నని పగుళ్లు వస్తాయి. రబ్బరులో కలిపే కార్బన్ మసి ఎండ దెబ్బను కొంత కాస్తుంది. గ్రిప్పులు ఎక్కువగా నల్లగా ఉండటం వెనక ఆ కారణమూ ఉంది. చౌకరకం ప్లాస్టిక్ గ్రిప్పుల్లో మెత్తదనానికి కలిపిన నూనెలాంటి పదార్థం కొన్నాళ్లకు పైకి ఊరి అరచేతికి అంటుకుంటుంది. ఇక చెమట ఆరని డెల్టా ఉక్కలో అరిగిన గ్రిప్పు పట్టు ఎంతో వేరే చెప్పాలా?

అరిగినదాని మీద స్పాంజి కవరు తొడిగితే చాలదా అని అడిగేవాళ్లుంటారు. అదురు కొంత తగ్గే మాట నిజమే. కానీ కవరు లావును పెంచుతుంది, చిన్న చేతులవాళ్లు మరింత గట్టిగా బిగించాల్సి వస్తుంది. పైగా చెమటను, వాననీటిని పీల్చుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, లోపలి గ్రిప్పు మీద కవరే జారితే మణికట్టు తిరుగుతుంది, ఇంజన్‌కు మాత్రం ఆ సంగతి తెలియదు.

మార్చడం పెద్ద పనేం కాదుగా అన్నదీ సగమే నిజం. పాతదాన్ని బ్లేడుతో నిలువుగా చీరితే ఊడొస్తుంది. చాలా బైకులకు హ్యాండిల్ గొట్టం బయటి వ్యాసం 22 మిల్లీమీటర్లు. కుడివైపు దాని మీద తిరిగే ప్లాస్టిక్ గొట్టం కూడా ఉంటుంది కనుక ఆ గ్రిప్పు రంధ్రం పెద్దది. ఆ గ్రిప్పును ఎడమవైపు ఎక్కిస్తే వదులుగా తిరుగుతుంది. సులువుగా ఎక్కుతుందని సబ్బునీళ్లు రాస్తే, లోపల ఇరుక్కున్న తడి తొందరగా ఆరదు, చేయి వేసినప్పుడల్లా గ్రిప్పు కదులుతుంది. స్పిరిటుతో తుడిచి, గ్రిప్పులకు వాడే జిగురు పలుచగా రాయడం మేలు. ఆ జిగురు కుడివైపు ప్లాస్టిక్ గొట్టం కిందికి చేరితే మాత్రం యాక్సిలరేటర్ తిప్పినచోటే పట్టేస్తుంది. కొత్త గ్రిప్పు అంచు స్విచ్చుల డబ్బాకు ఒరుసుకున్నా అదే తంటా. అందుకే జిగురు ఆరాక, ఇంజన్ స్టార్ట్ చేయకముందే, హ్యాండిల్‌ను మధ్యలోనూ రెండు చివరలా ఉంచి యాక్సిలరేటర్ తిప్పి వదిలి చూడాలి. మూడుచోట్లా దానంతటదే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే మళ్లీ విప్పాల్సిందే.