చెనిక్కాయల కాడ జోకర్

మే నెల ఆఖర్లో మా ఇంట్లో సినిమా గొడవలు ముదురుతాయి. దానికి కారణం సినిమాలు కావు, చెనిక్కాయలు. మృగశిర కార్తెలో వాన పడితే ఆ పదునులోనే విత్తనం పడాల. మిషన్‌కు వేస్తే పప్పు బద్దలవుతుంది, పైన ఎర్రపొర లేచిపోతుంది, అట్లాంటి గింజ మొలకెత్తుతుందని నమ్మకం లేదు. అందుకని మా తనకల్లు చుట్టుపక్కల ఊళ్ళలో విత్తనకాయల్ని ఇప్పటికీ చేత్తో వలిచేవాళ్ళున్నారు. కదిరి-6 రకం కాయలు నడింట్లో కుప్ప పోసి చుట్టూ కూర్చుంటే రెండు మూడు రోజులు చేతులకు పని, నోటికి తీరిక.

2025 మే ఆఖర్లో ఆ కుప్ప చుట్టూ నలుగురం. మా అమ్మ, బెంగళూరు నుంచి సెలవు పెట్టి వచ్చిన మా అక్క కొడుకు, కదిరిలో డిగ్రీ చదివే మా అన్న కొడుకు, నేను. నాకు బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు ఉంది. ఆ నెల ఒకటో తేదీనే నాని 'హిట్: ది థర్డ్ కేస్' విడుదలైంది, పెద్దలకు మాత్రమే అనే సర్టిఫికెట్‌తో. పిల్లోళ్ళిద్దరూ అందులోని నరుకుడు దగ్గర మొదలుపెట్టి, అరమూట కాయలు అయ్యేలోపల 'జోకర్' సినిమా దగ్గరికి చేరుకున్నారు.

"ఆ సినిమాలో కామిక్స్‌ది ఏముంది మామా? మొకానికి రంగు, పేరు. అంతే గదా" అన్నాడు బెంగళూరువాడు.

"కామిక్స్ ఎవురు చదివినార్రా ఈడ? సినిమా బాగుందా ల్యాదా, అది చెప్పు" అన్నాడు కదిరివాడు.

ఇద్దరి మధ్యా పదేళ్ళ తేడా కూడా లేదు. కానీ ఒకడికి మూలం ముఖ్యం, ఇంకొకడికి తెర మీద పడింది ముఖ్యం. బొమ్మల పుస్తకం నుంచి సినిమా తీసినప్పుడల్లా ప్రపంచమంతా జరిగే జగడం ఇదే. పుస్తకం ఎరిగినవాడు తన మనసులో ఒక సినిమా ముందే చూసేసి ఉంటాడు. దర్శకుడు తీసింది వాడికి రెండో సినిమా. అందుకే వాడికి ఏదో ఒకటి తక్కువవుతుంది.

మా మేనల్లుడి ఫిర్యాదులో పసలేకపోలేదు. జోకర్ పుట్టింది 1940లో, 'బ్యాట్‌మ్యాన్' పుస్తకం మొదటి సంచికలో. వచ్చీ రాగానే రేడియోలో ఫలానా వాణ్ని ఫలానా వేళకు చంపుతానని ప్రకటించి, చెప్పినట్టే వరసగా చంపుతూ పోతాడు. అంటే ఆ పాత్ర పుట్టడమే సీరియల్ కిల్లర్‌గా పుట్టింది. ఎందుకు చంపుతాడో మాత్రం చెప్పలేదు. 1988లో అలన్ మూర్ రాసిన 'ది కిల్లింగ్ జోక్' అనే కామిక్ వాడికి ఒక గతం ఇచ్చింది, కానీ అది నిజమో కాదో తనకే తెలియదని వాడి చేతనే అనిపించింది. 2008లో క్రిస్టఫర్ నోలన్ తీసిన 'ది డార్క్ నైట్'లో జోకర్ తన నోటి మీది గాటుకు ఒకచోట ఒక కథ, ఇంకోచోట ఇంకో కథ చెబుతాడు. వాడికి ఫ్లాష్‌బ్యాక్ లేకపోవడమే మన భయానికి కారణం. 2019లో 'జోకర్'లో టాడ్ ఫిలిప్స్ ఆ ఫ్లాష్‌బ్యాక్ కాస్తా పెట్టేసినాడు. వాకిన్ ఫీనిక్స్‌కు జబ్బుపడిన తల్లిని, పోయిన ఉద్యోగాన్ని, నవ్వు ఆగని రోగాన్ని ఇచ్చి, మనచేత అయ్యో అనిపించినాడు. ఫీనిక్స్‌కు ఆస్కార్ వచ్చింది. కామిక్స్ అభిమానుల్లో కొందరికి కడుపు మండింది.

"ఫ్లాష్‌బ్యాక్ పెడితే తప్పేమి? మన సినిమాల్లో ల్యాదా?" అన్నాడు కదిరివాడు.

ఉండాది. ఆ మాటకొస్తే ఫ్లాష్‌బ్యాక్ లేని హంతకుణ్ని తెలుగు ప్రేక్షకుడు ఒప్పుకోడు. నేను పుట్టకముందు నుంచీ అంతే. 1979లో వచ్చిన 'ఎర్ర గులాబీలు' తమిళంలో భారతీరాజా తీసిన 'సిగప్పు రోజాక్కళ్'కు తెలుగు. కమల్‌హాసన్ ఆడవాళ్ళను చంపి తోటలో పూడ్చి, పైన గులాబీలు పెంచుతాడు. చంపేది వాడేనని మనకు ముందే తెలుసు, పెళ్ళాం శ్రీదేవికి తెలియదు. అయినా మధ్యలో వాడి చిన్ననాటి బాధ చూపిస్తే గాని కథ ముందుకు పోలేదు. నలభై ఏళ్ళ తర్వాత, 2019 ఆగస్టులో బెల్లంకొండ శ్రీనివాస్ 'రాక్షసుడు' వచ్చింది. అందులో చంపేదెవరో చివరిదాకా దాచినారు. తెలిసినాక అక్కడా బడిలో ఎగతాళికి గురైన పిల్లవాడి గతమే.

'రాక్షసుడు' దగ్గర మేనల్లుడు నా వృత్తి మీద చెయ్యి వేసినాడు. "అది తమిళ 'రాట్చసన్'కు జిరాక్స్ మామా" అన్నాడు.

జిరాక్స్ అంటే తక్కువ అనుకునేవాళ్ళు నా షాపుకు వచ్చి ఒక పూట నిలబడి చూడాల. పాసుపుస్తకం మీద ఆకుపచ్చ రంగు కాపీలో బూడిద రంగవుతుంది. ఆధార్ కార్డులో మనిషి నల్లగా, ఎవరో దొంగ మాదిరి వస్తాడు. ఉన్నదున్నట్టు దించినా రెండూ ఒకటి కావు. 'రాక్షసుడు' చాలావరకు సీను తర్వాత సీను అదే నడక. మూలం చూడని మా అన్న కొడుకు రాత్రి దీపం ఆర్పకుండా పడుకున్నాడు, మూలం చూసిన మేనల్లుడు లెక్కలు వేసుకుంటా కూర్చున్నాడు.

దీనికి పూర్తిగా తిరగబడిన కేసు 'ఫ్రమ్ హెల్'. ఇదీ అలన్ మూర్ రాసిందే, ఎడ్డీ క్యాంబెల్ బొమ్మలు. 1888లో లండన్‌లో ఆడవాళ్ళను చంపి దొరక్కుండా పోయిన జాక్ ది రిప్పర్ కథ. కామిక్‌కు కామిక్, సీరియల్ కిల్లర్‌కు సీరియల్ కిల్లర్. పుస్తకంలో హంతకుడెవరో మొదట్లోనే చెప్పేస్తారు. ఆ హత్యల చుట్టూ ఉన్న ఊరెట్లాంటిది, దొరలెట్లాంటివాళ్ళు అనేదే అసలు కథ. 2001లో సినిమా తీసినవాళ్ళు హంతకుణ్ని ఆఖరిదాకా దాచి, నల్లమందు తాగే డిటెక్టివ్‌గా జానీ డెప్‌ను ముందుకు తెచ్చినారు. 'ఎర్ర గులాబీలు'ను 'రాక్షసుడు'గా మార్చినట్టు అన్నమాట. పేర్లన్నీ అవే, ప్రశ్న మాత్రం మారిపోయింది. మూర్ తర్వాత తర్వాత తన పుస్తకాల మీద తీసే సినిమాలకు పేరు వద్దు, డబ్బూ వద్దు అన్నాడు. అంత పట్టుదల మనుషులకు అవసరమా అని నాకు అనుమానం. కానీ 'ఫ్రమ్ హెల్' విషయంలో మాత్రం ఆయన కోపం న్యాయమైందే.

ఇక నా సంగతి. పిల్లోళ్ళ ముందు చెప్పడానికి కొంచెం సిగ్గుపడినాను గాని, ఇక్కడ చెబుతాను. 2005లో 'అపరిచితుడు'కు కదిరిలో విజిల్ వేసినవాళ్ళలో నేనొకణ్ని. శంకర్ సినిమా, విక్రమ్. గరుడపురాణం చూసుకొని శిక్షలు. ఒకణ్ని బర్రెలతో తొక్కించినాడు, ఒకణ్ని కాగే నూనెలో వేసినాడు, ఒకణ్ని జలగలకు వదిలినాడు. ముందుగా ప్రకటించడం, గుర్తు వదలడం, ఒక్కో హత్యకూ ఒక్కో పద్ధతి. పోలీసు పుస్తకంలో సీరియల్ కిల్లర్‌కు ఏమేమి లక్షణాలుంటాయో అన్నీ ఉన్నాయి. మాకు మాత్రం వాడు హీరో. దానికి రెండేళ్ళ ముందు 'ఠాగూర్'లో చిరంజీవి లంచగొండుల్ని లెక్కపెట్టి చంపితే చప్పట్లు, 1996లో 'భారతీయుడు' ముసలాయన కత్తికి చప్పట్లు. అమెరికావాళ్ళు బ్యాట్‌మ్యాన్ చంపకూడదని నియమం పెట్టుకొని, సినిమాలో చంపితే గొడవకు దిగుతారు. మన సినిమాల్లో సూపర్ హీరో, సీరియల్ కిల్లర్ చాలాకాలం ఒకే అద్దె ఇంట్లో ఉన్నారు. ఏ గదిలో ఎవరున్నారో నేపథ్య సంగీతాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే.

అచ్చమైన సూపర్ హీరోలు కావాలంటే మనకు సరఫరా చేసేది ఆంజనేయస్వామి. 1980లో ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్' వచ్చింది. అమెరికా దుస్తులే, శక్తి మాత్రం హనుమంతుడి వరం. నలభై నాలుగేళ్ళకు, 2024 సంక్రాంతికి ప్రశాంత్ వర్మ 'హను-మాన్'. అందులో నాకు నచ్చింది తేజ సజ్జా కాదు, విలన్ చిన్నతనం. కామిక్స్ పిచ్చి ముదిరిన పిల్లవాడు. సూపర్ హీరోలందరికీ తల్లిదండ్రులు చిన్నప్పుడే పోయినారని లెక్క తేల్చుకొని, తన తల్లిదండ్రుల్ని తానే చంపుకుంటాడు. ఫ్లాష్‌బ్యాక్ కోసం హత్య! పక్కనున్నవాళ్ళు నవ్వలేదు. నేను నవ్వినాను.

ఇదంతా చెప్పి, "హీరోకైనా హంతకునికైనా ముందు కష్టం రావల్ల, అప్పుడే జనం నమ్ముతారు" అని ముగించబోతే, అంతసేపూ కాయల్లోంచి కన్నెత్తని మా అమ్మ అందుకునింది.

"కష్టం వస్తే సంపుతారా? మీ నాయన బాయి ఎండిపోయినప్పుడు ఎవుర్ని సంపినాడు? నాలుగేండ్లు వరసగా చెనిక్కాయ పోయినప్పుడు? బ్యాంకోళ్ళు ఇంటిముందర కుర్చీ ఏసుకొని కూర్చున్నప్పుడు? మొకానికి రంగు పూసుకున్నాడా?"

కొంతసేపు కాయలు చిట్లే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడాల్సిన రోజున పడదు. బాధే మనిషిని హంతకుణ్ని చేసేదైతే ఇక్కడ ఇంటికొక జోకర్ ఉండాల్సింది. మితిమీరిన కష్టం వచ్చినవాళ్ళు మా పల్లెల్లో ఎత్తిన చెయ్యి తమ మీదే ఎత్తుకున్నారు. ఆ మాట మా అమ్మ అనలేదు, ఆ పూట నేనూ అనలేదు.

పైగా సినిమావాళ్ళకు మేమంటే వేరే లెక్క. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి' ఆడినప్పటి నుంచి కొన్నేళ్ళపాటు సీమవాడంటే కొడవలి, సుమో, తొడ. హైదరాబాదుకు పోతే మీ ఊళ్ళో బాంబులు ఎంతకమ్ముతారని నన్నే అడిగినారు. 2010లో రామ్‌గోపాల్‌వర్మ 'రక్తచరిత్ర' తీసినప్పుడు మాత్రం మా జిల్లావాళ్ళు కామిక్స్ అభిమానుల కంటే ఎక్కువ వాదించుకున్నారు. ఎందుకంటే ఆ సినిమాకు మూలగ్రంథం మా జిల్లానే. సినిమాలో చూపించిన నాయకుడు అట్ల కూర్చునేవాడు కాదని, ఆ ఊళ్ళో ఆ వీధి అట్ల తిరగదని టీకొట్ల దగ్గర తప్పులు ఏరినారు. 'జాంబీ రెడ్డి' వచ్చేసరికి కోపం కూడా మిగల్లేదు. ఫ్యాక్షనిస్టులను జాంబీలు కరుస్తుంటే హాయిగా నవ్వుకున్నాం.

మూలానికి కట్టుబడాలనే పట్టింపు మనకు పాతది కాదని నా అభిప్రాయం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి, అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించినారు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుంటే మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి మోటు హాస్యం ఆడిపోతారు. వాల్మీకిలో వీళ్ళెక్కడున్నారని ఎవరూ లేచి అడగలేదు. వాళ్ళు రాకపోతేనే అడిగేవాళ్ళు. 'పాతాళభైరవి' తీసిన కె.వి.రెడ్డి తాడిపత్రి వైపు మనిషి, పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. 1951లో ఆయన, పింగళి నాగేంద్రరావు కలిసి కాశీమజిలీ కథల్లోంచి ఒక ముక్క తీసుకొని తమకు తోచినట్టు పెంచుకున్నారు. కాశీమజిలీలు చదివిన తాతలు ఆ కాలంలో చాలామంది. ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు కళ్ళు తిప్పగానే అందరూ పుస్తకం మరిచిపోయినారు.

ఈ మాట మా అమ్మ ముందర గట్టిగానే అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఆ ఏడాదే, 2025 జూలై 25న 'మహావతార్ నరసింహ' విడుదలైంది. అశ్విన్ కుమార్ తీసిన బొమ్మల సినిమా, మనుషులెవరూ ఉండరు. కామిక్ పుస్తకం లేచి నడిచినట్టుంటుంది. నరసింహస్వామి పేరు పెట్టుకొని కదిరి చుట్టుపక్కలవాళ్ళు చూడకుండా ఉంటారా? ఆగస్టు రెండో సగంలో పిల్లోళ్ళిద్దరూ వాళ్ళవ్వను బయల్దేరదీసినారు, నేనూ పోయినాను. ఆమె చిన్నతనంలో హరికథల్లో ప్రహ్లాదుణ్ని వినింది. తర్వాత సినిమా కొట్టాయిలో 1967 నాటి 'భక్త ప్రహ్లాద' చూసింది, రంగారావు హిరణ్యకశిపుడు, రోజారమణి ప్రహ్లాదుడు. అంతకుముందు 1932లో తెలుగు మాట్లాడిన మొదటి సినిమా కూడా ఈ ప్రహ్లాదుడి కథే.

హాల్లో స్తంభం పగిలినప్పుడు జనం లేచి దండం పెట్టినారు, మా అమ్మా పెట్టింది. పేగులు తీసేటప్పుడు కళ్ళు మూసుకోలేదు. అన్నకొడుకు నా చెవిలో, "'హిట్' కంటే రక్తం ఎక్కువుండాది సిన్నాయనా, దీనికి మాత్రం పిల్లోళ్ళను ఎత్తుకొని వచ్చినారు" అన్నాడు. నిజమే, మా ముందు వరసలో చంటిబిడ్డ ఉంది.

బయటికి వచ్చినాక మేనల్లుడు అడిగినాడు, "ఎట్లుంది అవ్వా?"

"బాగనే ఉండాది. కానీ మన సామి మొకం అట్ల ఉండదు. గుళ్ళో ప్రహ్లాదుడు పక్కనే చేతులు జోడించుకొని నిలబడుకోనుంటాడు. ఇందులో వాడిని ఎట్లెట్లనో చూపించినారు. రంగారావు కాడ వీళ్ళెవురూ పనికిరారు."

"మూలంలో ఉన్నట్టు ల్యాదంటావు, అంతేనా?" అన్నాడు వాడు. ఆమె కోపంగా చూసింది.

కదిరి బస్టాండు నుంచి తనకల్లు దాకా ముగ్గురూ వాదించుకుంటానే ఉన్నారు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమై పది రోజులు కూడా కాలేదు. మా అమ్మకు జీరో టిక్కెట్టు, మిగిలిన మూడింటికీ డబ్బులు నేనే ఇచ్చినాను.