డాలు అందరిదీ.. దర్జా అచ్చుది!

నెదర్లాండ్స్‌లో ఉంటున్న మనవాళ్లకు పాత డచ్చి పటాలు కొత్తేమీ కాదు. ఊరి నుంచి వచ్చిన చుట్టాలను మ్యూజియానికి తీసుకెళ్తే గోడ మీద ఒకటైనా కనిపిస్తుంది. అందరూ ఓడలు, ఊళ్ల పేర్లు చూస్తుంటే నేను మాత్రం పటం మూలన ఉండే చిన్న డాలు బొమ్మ కోసం వెతుకుతాను. అది ఒక కుటుంబం గుర్తు.

ఇలాంటి గుర్తు రాజు ఇస్తేనే వస్తుందని మనం అనుకుంటాం. డచ్చి గణతంత్రంలో అలా కాదు. వర్తకుడైనా, రైతైనా తనకు నచ్చిన గుర్తు పెట్టుకోవచ్చు. అందరికీ డాలు ఉండే వీలున్నప్పుడు గొప్ప ఎక్కడిది? ఆ డాలు ఎక్కడ అచ్చయిందన్న దాంట్లో ఉంది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో యోవాన్ బ్లావ్ 1662లో 11 సంపుటాల 'అట్లాస్ మయోర్' తెచ్చాడు. అందులో దాదాపు 600 పటాలు. ఆ కాలపు అత్యంత ఖరీదైన పుస్తకాల్లో అదొకటి. బ్లావ్ పటాల్లో ప్రభువులకు, నగర పెద్దలకు అంకితమిచ్చినవి ఉన్నాయి. అంకితం పక్కన వాళ్ల డాలు. మన ప్రబంధాల్లో కృతిభర్త ఉన్నట్టే అన్నమాట.

రాగి రేకు మీద చెక్కి తీసిన అచ్చు నల్లగానే వస్తుంది. మరి డాలు రంగులు తెలిసేదెలా? దానికి గీతల భాష పుట్టింది. 1600లో లూవెన్‌లో జాంగ్రియస్ వేసిన బ్రబంట్ చిహ్నాల పటంలో ఈ పద్ధతి కనిపిస్తుంది. 1638లో రోమ్‌లో పేత్ర సాంక్త పుస్తకంతో బాగా వ్యాపించింది. నిలువు గీతలు ఎరుపు, అడ్డ గీతలు నీలం, చుక్కలు బంగారం, ఖాళీ వదిలితే వెండి.

1795 విప్లవంలో అందరూ సమానమే అన్నారు. చర్చిల్లో పెద్దల డాళ్లు దించేశారు. పుస్తకాల్లో అచ్చయినవి మాత్రం మిగిలాయి.

ఆ దర్జా మన తీరానికీ వచ్చింది. బందరులోని డచ్చి సమాధుల రాళ్ల మీద కంపెనీ ఉద్యోగులు ఇలాంటి గుర్తులే చెక్కించుకున్నారు. డచ్చివారిని మనవాళ్లు 'ఒలందులు' అనేవారు.

ఈసారి పిల్లలతో మ్యూజియానికి వెళ్తే పటం మూలన ఉన్న గీతలు చూపించి, డాలు రంగేమిటో అడగండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వీలైతే బందరు సమాధులూ చూపించండి.