వార్డులో అలర్ట్ మోగితే సరిపోదు, ఎవరైనా చూడాలి

మీ ఫోన్‌కి రోజూ ఎన్ని నోటిఫికేషన్లు వస్తాయి? వాటిలో ఎన్ని చదువుతారు, ఎన్ని పక్కకి తోసేస్తారు? ఇవాళ్టి టాపిక్ మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

రెండేళ్ల కిందట మా నాన్నకి జ్వరం వస్తే ఆసుపత్రిలో చేర్పించాం. రాత్రి పదకొండింటికి చూస్తే ఆయాసపడుతున్నారు. "జ్వరం కదా, అలాగే ఉంటుంది" అన్నారు అక్కడి వాళ్లు. తెల్లారేసరికి ఐసీయూ! అదృష్టం కొద్దీ బయటపడ్డారు. కానీ నాకు ఒకటే డౌటు. ఆ ప్రమాదాన్ని రాత్రే పసిగట్టలేమా?

చాలాసార్లు పసిగట్టొచ్చు. పేషెంట్ పరిస్థితి విషమించే ముందు చాలామందిలో కొన్ని గంటల పాటు ఊపిరి, నాడి, బీపీ మారుతూ వస్తాయి. వీటిని లెక్కగట్టడానికి బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో 'న్యూస్' అనే స్కోరు తెచ్చింది. ఊపిరి, ఆక్సిజన్, బీపీ, నాడి, స్పృహ, టెంపరేచర్, ఒక్కోదానికి పాయింట్లు వేస్తారు. నిమిషానికి 25 సార్లు లేదా అంతకన్నా ఎక్కువ ఊపిరి తీస్తుంటే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు. మొత్తం 7 గానీ, ఆ పైన గానీ వస్తే ఎమర్జెన్సీ.

మరి ఈ పని కంప్యూటర్‌కే అప్పగిస్తే? అమెరికాలో, ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటే ఆసుపత్రుల్లో అదే చేశారు. ల్యాబ్ రిపోర్టులు, బీపీ, నాడి లాంటివన్నీ సిస్టమ్ గంటగంటకీ చూసి, రాబోయే 12 గంటల్లో ఎవరికి ప్రమాదమో చెబుతుంది. అసలు తెలివి ఇక్కడుంది చూడండి. ఆ అలర్ట్ నేరుగా వార్డులో మోగదు. వేరేచోట కూర్చున్న నర్సులు ముందు రికార్డు చూస్తారు. నిజమే అనిపిస్తేనే వార్డు టీమ్‌కి ఫోన్ చేస్తారు. 19 ఆసుపత్రుల మీద 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం, దీనివల్ల ఏడాదికి సుమారు 520 మరణాలు తప్పాయని అంచనా.

ఇంకోవైపు కూడా చూద్దాం. ఎపిక్ అనే కంపెనీ సిస్టమ్ సెప్సిస్‌ని, అంటే ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడాన్ని, ముందే చెప్పాలి. మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు పరీక్షించి 2021లో ఫలితం చెప్పారు. సెప్సిస్ వచ్చిన ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరిని అది పట్టుకోలేకపోయింది. అయినా ఆసుపత్రిలో చేరినవాళ్లలో 18 శాతం మందికి అలర్ట్ మోగించింది! అన్ని మోగితే నర్సులేం చేస్తారు? మనం ఫోన్‌లో చేసేదే.

అంటే ప్రాణం కాపాడేది అలర్ట్ ఒక్కటే కాదు. దాన్ని చూసి మంచం దగ్గరికి పరిగెత్తే మనిషి కూడా ఉండాలి.

మన దగ్గర చాలా వార్డుల్లో ఆ సిస్టమ్ లేదు. అయితే మీ ఫోన్‌లో టైమర్ ఉంది. పేషెంట్ పక్కన ఉన్నప్పుడు ఒక నిమిషం పెట్టి, ఛాతీ ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. పెద్దవాళ్లకి విశ్రాంతిలో 12 నుంచి 20 దాకా మామూలే. 25 దాటినా, మనిషి కొత్తగా తికమకగా మాట్లాడినా వెంటనే నర్సుకి చెప్పండి. "ఆయాసంగా ఉంది" అని ఊరుకోకుండా "నిమిషానికి 28" అని అంకెతో చెప్పండి.

ఆ రాత్రి నా చేతిలోనూ ఫోన్ ఉంది. నేను రీల్స్ చూస్తూ కూర్చున్నాను.