మీకు తెలుసా? పంగిడి నల్లరాయి పడమటి కనుమల వైపు నుంచి పారి వచ్చింది!

కొవ్వూరు దగ్గర పంగిడి, దుద్దుకూరు క్వారీల్లో కొట్టే నల్లరాయి బసాల్టు. లావా చల్లారి గట్టిపడితే ఏర్పడే అగ్నిశిల అది. గోదావరికి ఇవతల, రాజమండ్రిని ఆనుకుని ఉన్న కాతేరులోనూ అదే రాయి. మరి ఇక్కడికి లావా ఎక్కడి నుంచి వచ్చింది?

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల క్రితం ఇప్పటి మహారాష్ట్ర వైపు నేల బారుగా చీలి, లావా పొరలు పొరలుగా పరుచుకుంది. వాటినే దక్కన్ ట్రాప్స్ అంటారు. రాజమండ్రి రాళ్ల రసాయన కూర్పునూ వయసునూ పోల్చి చూస్తే, అవి మహాబలేశ్వరం ప్రాంతపు పొరలతో సరిపోయాయి. అంటే ఆ లావా పాత నదీలోయల వెంట దాదాపు 1000 కిలోమీటర్లు పారి, అప్పటి తూర్పు తీరానికి చేరిందని భూవిజ్ఞానుల అంచనా. భూమ్మీద మనకు తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇదొకటి.

అంత దూరం గడ్డకట్టకుండా ఎలా వచ్చింది? బయటపడేటప్పుడు బసాల్టు లావా వేడి 1100 డిగ్రీల సెల్సియస్ పైమాటే. గాలి తగలగానే, కాగిన పాల మీద మీగడలా, పైన పెంకు కడుతుంది. రాయి వేడిని అంత త్వరగా పోనివ్వదు కాబట్టి ఆ పెంకు కింద లావా పారుతూనే ఉంటుంది. ఒక ప్రవాహం చల్లారాక మరొకటి వచ్చేలోపు సముద్రపు నీరు ఈ చోటికి ఎక్కింది కూడా. రెండు బసాల్టు పొరల నడుమ గవ్వల శిలాజాలున్న సున్నపురాయి అందుకు సాక్ష్యం.

ఇక చల్లారే వేగమే రాయి రూపాన్ని తేలుస్తుంది. నేల మీద త్వరగా చల్లారింది కనుక బసాల్టులో ఖనిజాల పలుకులు పెరగలేదు, కంటికి ఆనవు. హైదరాబాద్ గ్రానైటు ఇందుకు పూర్తిగా వేరు. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఆ శిలాద్రవం పైకి రాకుండా భూగర్భంలోనే అతి నెమ్మదిగా చల్లారింది. అందుకే గోల్కొండ గుట్టల్లో గులాబీ, తెలుపు పలుకులు విడివిడిగా కనిపిస్తాయి.

బసాల్టు ముక్క దొరికితే చిన్న చిన్న గుంతలున్నాయేమో చూడండి. లావాలోని వాయువులు బయటికి పోబోతూ చిక్కుబడిన బుడగలవి. ఇలాంటి చిల్లులు ఎక్కువగా ఒక్కో ప్రవాహం పైభాగంలో ఉంటాయి. తర్వాత ఎప్పుడో నీరు ఇంకి, కొన్నింటిని తెల్లటి ఖనిజాలతో పూడ్చేసింది.