పాత ట్రాక్టరుకు సెకండ్ హ్యాండ్ ఇంజను, గేరుబాక్సు కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి



వెల్దుర్తి, మాచర్ల ప్రాంతాల్లో ఇరవై, ముప్పై ఏళ్ళ నాటి ట్రాక్టర్లు ఇంకా దుక్కులు దున్నుతూనే ఉన్నాయి. మాసీ ఫెర్గూసన్ 1035, మహీంద్రా 275, హెచ్‌ఎంటీ, ఫోర్డ్ 3600 లాంటివి చాలా ఇళ్ళ ముందు కనిపిస్తాయి. కొత్త ట్రాక్టరు కొనే స్తోమత లేక, ఉన్నదాని మీద మమకారం తీరక, ఇంజను చెడిపోతే చాలామంది పాత ఇంజను కోసం గుంటూరు, విజయవాడ ఆటోనగర్లకు వెళ్తున్నారు. అది తప్పేమీ కాదు. చూడకుండా కొనడమే తప్పు.

నాలుగేళ్ళ కిందట మన మండలంలోని ఒక రైతు నన్ను వెంటబెట్టుకొని ఒక దుకాణానికి వెళ్ళారు. ఇంజను నేల మీద పెట్టి ఉంది. కొత్తగా రంగు వేసి నిగనిగలాడుతోంది. "బాగానే ఉన్నట్టుంది" అన్నాను. బిగించిన మూడో రోజుకే ఇంజనాయిలు పాలు కలిపిన టీలా మారింది. విప్పి చూస్తే బ్లాకు పగిలి ఉంది. తొలకరి పదును పోయింది. పత్తి విత్తడానికి ఆయన పక్క ఊరి ట్రాక్టరు కిరాయికి తెచ్చుకున్నారు. నేను అన్న ఆ ఒక్క మాట ఆయనకు ఎంత నష్టం తెచ్చిందో నాకు తెలుసు. మీకు అలా జరగకూడదనే ఈ వివరాలు రాస్తున్నాను.

అసలు కొనాలా?

ముందు మీ ఇంజను విప్పించి చూడండి. పొగ వస్తోంది, లాగడం లేదు అంటే చాలాసార్లు అది బోరుకు వచ్చినట్టే. బ్లాకు, క్రాంకు షాఫ్టు బాగుంటే బోరు చేయించి, లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్చుకోవడమే మంచిది. మీ ఇంజను చరిత్ర మీకు తెలుసు, పరాయి ఇంజను చరిత్ర తెలియదు. కనెక్టింగ్ రాడ్డు విరిగి బ్లాకు పగిలినప్పుడు, క్రాంకు విరిగినప్పుడు, లేదా మరమ్మతు ఖర్చు మరో ఇంజను ధరను దాటినప్పుడు మాత్రమే కొనే ఆలోచన చేయండి.

గేరుబాక్సు విషయంలోనూ అంతే. ఒక గేరు జారిపోతోందని మొత్తం పెట్టె మార్చనక్కర్లేదు. అరిగిన గేరును, దానితో కలిసి తిరిగే గేరును జతగా మార్చి, బేరింగులు వేయిస్తే సరిపోవచ్చు. కంపెనీ మూతపడిన మోడళ్ళకు మాత్రం కొత్త విడిభాగాలు దొరకడం కష్టం. హెచ్‌ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని కేంద్రం 2016లోనే నిర్ణయించింది. అలాంటి ట్రాక్టరు మీద పెద్ద ఖర్చు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి.

ఇంజను చూసేటప్పుడు

- నడవని ఇంజను కొనవద్దు. పాత ట్రాక్టరులో బిగించి ఉన్నదే చూడండి. విడిగా ఉంటే, దిమ్మె మీద బిగించి నడిపి చూపించమని అడగండి.
- స్టార్టు చేయక ముందే బ్లాకు మీద చెయ్యి పెట్టండి. అప్పటికే వేడిగా ఉంటే, చల్లగా ఉన్నప్పుడు స్టార్టు కాని లోపాన్ని దాస్తున్నారేమో అనుమానించండి. చల్లారాక మళ్ళీ రండి.
- నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది. నల్ల పొగ ఆగకుండా వస్తే గాలి చాలడం లేదు, లేదా నాజిల్, పంపు సరిగా లేవు. వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ వస్తుంటే డీజిలు పూర్తిగా మండకపోవడమో, నీళ్ళు లోపలికి చేరడమో కారణం.
- నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీయండి. బుసబుసమని పొగ తన్నుకొస్తే రింగులు, లైనర్లు అరిగినట్టే.
- అరగంట నడిపాక నెమ్మది వేగంలో ఆయిల్ ప్రెషర్ గేజి చూడండి. ముల్లు బాగా పడిపోతే బేరింగులు అరిగి ఉండవచ్చు.
- ఇంజను చల్లబడ్డాకే రేడియేటరు మూత తీసి చూడండి. నీళ్ళలో ఆయిలు తేలినా, ఆయిలులో నీళ్ళు కలిసినా కొనవద్దు.
- క్రాంకు ఎన్నిసార్లు గ్రైండింగుకు వెళ్ళిందో అడగండి. చివరి సైజు బేరింగులతో నడుస్తున్నదైతే, మరోసారి అరిగితే క్రాంకే మార్చాలి.

గేరుబాక్సు చూసేటప్పుడు

పై మూత విప్పించి పళ్ళు ఒక్కొక్కటి చూడండి. అంచులు విరిగినా, గుంటలు పడినా వద్దు. షాఫ్టును చేత్తో ఊపండి. అటూ ఇటూ ఎక్కువగా ఆడితే బేరింగులు పోయినట్టు. ఆయిలు దింపించి అందులో అయస్కాంతం తిప్పండి. సన్నని మెత్తటి పొడి అంటుకోవడం మామూలే. ఇనుప ముక్కలు అంటుకుంటే పళ్ళు రాలుతున్నాయి. మాగాణిలో దమ్ము చేసిన ట్రాక్టరు గేరుబాక్సులో నీరు చేరి ఉండవచ్చు, తెల్లబడిన ఆయిలే దానికి గుర్తు.

మీ ట్రాక్టరుకు సరిపోతుందా?

కారులో ఇంజను ఛాసిస్ మీద కూర్చుంటుంది. ఎక్కువ ట్రాక్టర్లలో ఇంజను, గేరుబాక్సు కలిసి ట్రాక్టరు నడుముగా నిలబడి బరువు మోస్తాయి. అందుకే బోల్టు రంధ్రాలు, ఫ్లైవీలు, క్లచ్చి ప్లేటు పళ్ళ సంఖ్య అన్నీ కలవాలి. ఒకే పేరుతో ఏళ్ళ తరబడి వచ్చిన మోడళ్ళలోనూ లోపలి భాగాలు మారుతూ వచ్చాయి. మాసీ 1035లో హైడ్రాలిక్ పంపు వెనుక హౌసింగ్ లోపల ఉంటుంది, మరికొన్నింటిలో ఇంజను పక్కన ఉంటుంది. మీ పాత క్లచ్చి ప్లేటును వెంట తీసుకెళ్ళి పోల్చి చూడండి. ఎక్కువ హార్స్‌పవర్ ఇంజను వేస్తే బాగా లాగుతుందని ఆశపడవద్దు. ఆ బలం తట్టుకోలేక గేర్లు, వెనుక యాక్సిలు విరుగుతాయి.

కాగితాలు

బ్లాకు మీద చెక్కిన ఇంజను నెంబరు మీ కళ్ళతో చదవండి. అరగదీసినా, వెల్డింగు చేసి మళ్ళీ కొట్టినా వెంటనే తిరిగి వచ్చేయండి. దొంగసొత్తు అని తెలిసి, లేదా అనుమానించడానికి కారణం ఉండీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. ఇంజను నెంబరు, అమ్మిన వారి పేరు, చిరునామా ఉన్న బిల్లు, అది ఏ ట్రాక్టరు నుంచి వచ్చిందో దాని ఆర్‌సీ నకలు తప్పక తీసుకోండి.

ఇంజను మారితే ఆర్‌సీలో కూడా మారాలి. మార్చబోయే ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోవడం మంచిది. అనుమతి లేకుండా మార్చి ఉంటే, 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లోగా తెలియజేయాలి. బీమా కంపెనీకి కూడా రాసివ్వండి. లేకపోతే రేపు ట్రాలీతో ప్రమాదం జరిగినప్పుడు నెంబరు కలవక ఇబ్బంది పడేది మీరే.

డబ్బు, సమయం

ఇంజను ధర ఒక్కటే లెక్క వేయవద్దు. రవాణా, గ్యాస్కెట్లు, ఆయిలు, ఫిల్టర్లు, క్లచ్చి ప్లేటు, మెకానిక్ కూలి కలిపి మొత్తం కాగితం మీద రాసుకోండి. అంతా ఒకేసారి చెల్లించకుండా, బిగించి నడిపాక ఇచ్చేలా కొంత సొమ్ము ఆపుకొని, ఆ షరతు బిల్లు మీద రాయించండి. కొనుగోలు వేసవిలోనే ముగించండి. జూన్‌లో వాన పడ్డాక తొందరలో ఉన్న రైతుకు ఏదైనా అంటగట్టడం తేలిక.

బిగించాక ఆయిలు, ఫిల్టర్లు కొత్తవి వేయండి. మొదటి రోజుల్లో రొటావేటరు లాంటి బరువు పనులు వద్దు. 50 గంటలు నడిచాక ఆయిలు మళ్ళీ మార్చండి.

మీకు నమ్మకమైన మెకానిక్‌ను, కూలి ఇచ్చి అయినా, వెంట తీసుకెళ్ళండి. ట్రాక్టరు మరమ్మతు, నిర్వహణ నేర్చుకోవాలనుకునే యువ రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ ఇస్తారు. మరిన్ని వివరాలకు మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి. రంగు చూసి మాత్రం కొనవద్దు. నేను ఒకసారి చూశాను, చాలు.