రాత్రి ఆకాశాన్ని ఏలిన పాటల కేంద్రం

న్యూయార్కు నగరంలో 770 కిలోహెర్ట్జుల వద్ద వినిపించే డబ్ల్యు.ఏ.బి.సి. రేడియో నేడు ప్రధానంగా చర్చల వేదిక. 1960 నుండి 1982 వరకు మాత్రం అది పాటల పందిరి. ఆ కేంద్రం ఉత్థాన పతనాలు రెండింటినీ నిర్ణయించినవి చాలవరకు భౌతిక శాస్త్ర నియమాలే కావడం విశేషం.

1921లో న్యూజెర్సీలోని నెవార్కు పట్టణంలో, వెస్టింగ్‌హౌస్ కర్మాగారంలో డబ్ల్యు.జె.జెడ్. అనే పేరుతో ఈ కేంద్రం జన్మించింది. 1923లో ఆర్.సి.ఎ. సంస్థ చేతికి వచ్చి నగరంలో ప్రవేశించింది. 1953లో నేటి పేరు ధరించింది. 1960 డిసెంబరులో జనాదరణ పొందిన పాటలనే నమ్ముకున్నది. 1963లో కార్యక్రమ నిర్వహణ చేపట్టిన రిక్ స్క్లార్ సూత్రం అతి సరళం: కొద్ది పాటలు, పదే పదే. అగ్రస్థానంలోని పాట రమారమి గంటకొకసారి మ్రోగేది. డాన్ ఇంగ్రామ్, బ్రూస్ మారో వంటి వ్యాఖ్యాతల కంఠాలకు కృత్రిమ ప్రతిధ్వనిని జోడించి గాంభీర్యం కల్పించేవారు. ఇది సంగీతసేవా, సరుకుల అమ్మకమా అని విమర్శకులు ప్రశ్నించవచ్చు; శ్రోతలు మాత్రం ప్రశ్నించలేదు.

ఇక ఆకాశం చేసిన సహాయం. పగటివేళ సూర్యకిరణాల తాకిడికి భూమిపై 60 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున విద్యుదావేశ కణాలతో కూడిన ‘డి’ పొర ఏర్పడుతుంది. మధ్యతరహా తరంగాల శక్తిని అది హరిస్తుంది. ప్రొద్దు గ్రుంకగానే ఆ పొర పలచబడుతుంది. తరంగాలు ఇంకా పైనున్న పొరలను చేరి, అద్దంపై వెలుగువలె వెనుదిరిగి, వందల మైళ్ల ఆవల దిగుతాయి. సిలోను రేడియో కోసం ట్రాన్సిస్టరు ముల్లు త్రిప్పిన మన పెద్దలకు ఈ ఆకాశమార్గం పరిచితమే, అది హ్రస్వ తరంగాలదైనా. 50,000 వాట్ల ప్రసారిణి గల డబ్ల్యు.ఏ.బి.సి. రాత్రివేళ అనేక రాష్ట్రాలలో వినిపించేది. అదే తరంగంపై న్యూమెక్సికోలోని ఆల్బుకర్కీ కేంద్రం కూడ ప్రసారం చేయడంతో, రాత్రి హక్కు ఎవరిదన్న వివాదం దశాబ్దాలపాటు సాగింది!

అయితే దూరం ఇచ్చిన తరంగమే నాణ్యతను ఇవ్వలేకపోయింది. ఏ.ఎం. పద్ధతిలో ధ్వని సమాచారం తరంగపు కంపన పరిమితిలో ఇమిడి ఉంటుంది. మెరుపులు, మోటార్లు పుట్టించే అలజడి కూడ ఆ పరిమితినే మార్చడం వల్ల గరగర తప్పదు. ఎఫ్.ఎం. పద్ధతిలో మారేది పౌనఃపున్యం. పరిమితిలోని హెచ్చుతగ్గులను గ్రాహకం త్రోసిపుచ్చగలదు. పైగా ఏ.ఎం. కేంద్రాల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జులే, ఎఫ్.ఎం.కు 200. ఈ పద్ధతిని ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1935లో అదే న్యూయార్కులో బహిరంగంగా ప్రదర్శించాడు. అప్పుడు డబ్ల్యు.జె.జెడ్. యజమాని ఆర్.సి.ఎ.యే. తరువాత ఆ సంస్థతోనే పేటెంట్ల వ్యాజ్యంలో అలసి, 1954లో ఆయన ప్రాణత్యాగం చేసుకున్నాడు.

1961లో ఎఫ్.ఎం. స్టీరియోకు అనుమతి లభించింది. 1978లో డబ్ల్యు.కె.టి.యు. అనే ఎఫ్.ఎం. కేంద్రం డిస్కో సంగీతం చేపట్టి, కొద్ది నెలలలోనే డబ్ల్యు.ఏ.బి.సి.ని అధిగమించింది. ఏ.ఎం. స్టీరియోకు ప్రభుత్వానుమతి 1982 మార్చిలో వచ్చింది, అదీ ఒకే ప్రమాణాన్ని నిర్దేశించకుండా. అప్పటికే ఆలస్యమైనది. మే 10న మధ్యాహ్నం పన్నెండు గంటలకు పాటలు ఆగిపోయాయి. చివరగా వినిపించిన పాట జాన్ లెనన్ ‘ఇమాజిన్’.

1974లో ఆ కేంద్రాన్ని వీడిన బ్రూస్ మారో 2020లో శనివారం రాత్రుల పాటలతో అక్కడికే తిరిగి వచ్చాడు.